వినేవాళ్ళను తీసుకురా

పోయిన వారం మా ఆసుపత్రి భోజనాల గదిలో, ఈ మధ్యే ఐర్లండ్ వచ్చి నర్సుగా చేరిన అద్దంకి అమ్మాయి నా పక్కన కూర్చుని, "అక్కా, మా ఆయన్ని ఇక్కడికి తెచ్చుకోవాలి. కాగితాలన్నీ తెలుగులో ఉన్నాయి. గుంటూరులో ఇంగ్లీషులోకి రాసిచ్చే మంచివాళ్ళెవరన్నా తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. ఫోనులో "కాగితాల మాస్టారు" అని దాచుకున్న నంబరు వెతికి, ముందు నేనే ఒక మాట చెబుదామని అక్కడికక్కడే ఫోను చేశాను. ఆయన భార్య ఎత్తారు. "ఆయన పోయారమ్మా. రంజానుకు ముందే. నిద్రలోనే పోయారు, ఏ బాధా పడలేదు" అన్నారు.

అద్దంకి అమ్మాయికి ఆ సంగతే చెప్పాను. "అయ్యో, బాగా మంచివారా అక్కా?" అంది. నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. మొదటి రోజు ఆయన్ని నేను తిట్టుకున్నట్టు నా జన్మలో ఇంకెవర్నీ తిట్టుకోలేదు మరి. బయటికి కాదు, లోపలే. బయటికి తిడితే టీ ఇప్పించి కూర్చోబెట్టే రకం ఆయన.

నాది పొదిలి. ఒంగోలులో నర్సుగా చేసేదాన్ని. మా ఆయనా నర్సే. పెళ్ళయిన పన్నెండో రోజున ఐర్లండ్ విమానం ఎక్కాడు, ఆగితే ఆ ఉద్యోగం పోయేది. ఆ తర్వాత రెండేళ్ళు మా కాపురమంతా ఫోనులోనే. భార్యగా నన్ను అక్కడ ఉండనివ్వమని దరఖాస్తు పెడితే, తెలుగులో ఉన్న పెళ్ళి కాగితానికి ధ్రువీకరించిన అనువాదం లేదని, పుట్టిన సర్టిఫికెట్ అసలే జతచేయలేదని మొదటిసారి తిప్పికొట్టారు. "రెండోసారి కూడా వెనక్కొస్తే నావల్ల కాదు, ఉద్యోగం వదిలేసి వచ్చేస్తా" అన్నాడు మా ఆయన. అన్నంత పనీ చేసే మనిషి. అలా వచ్చేస్తే మళ్ళీ ఒంగోలులో ఇద్దరం ఏ ప్రైవేటు ఆసుపత్రిలోనో నైట్ డ్యూటీలు చేసుకోవాల్సిందే. అందుకని ఈసారి ఒక్క తప్పూ దొర్లకూడదని గట్టిగా అనుకున్నాను.

తెలుగులో ఉన్నవి రెండే కాగితాలు. ఒకటి మా చర్చిలో పాస్టరుగారు చేత్తో రాసిన పెళ్ళి రిజిస్టరు నకలు. రెండోది నా పుట్టిన సర్టిఫికెట్. అది మా అమ్మమ్మగారి ఊరి పంచాయతీది, దాచేపల్లి పక్కన. మా ఇంట్లో నేనే పెద్దదాన్ని, తర్వాత తమ్ముడు. తొలికాన్పు పుట్టింట్లోనే కదా ఎవరికైనా. అందుకే ఇంకెవర్నీ అడక్కుండా, ఆ ఊళ్ళో ఉన్న మా మామయ్య కొడుక్కి ఫోను చేసి తెప్పించుకున్నాను. వాడు నాకంటే చిన్నవాడు, పంచాయతీకి పోయి అమ్మానాన్నల పేర్లు చెబితే పాత రిజిస్టరు తిరగేసి రాసిచ్చారట. అందులో పిల్ల పేరు గడి ఖాళీగా ఉంది. పుట్టిన వెంటనే పేరు రాయించేదెవరు మా వైపు? నాకదేమీ వింతగా అనిపించలేదు.

మాస్టారి గది గుంటూరు కోర్టు వెనక సందులో, ఒక జిరాక్సు షాపు మీద ఉండేది. మిరపకాయల లారీలు తిరిగే రోడ్డు దగ్గరే. వచ్చినవాళ్ళంతా తుమ్ముతూ మెట్లెక్కేవాళ్ళు, ఆయనొక్కరే హాయిగా గాలి పీలుస్తూ కూర్చునేవారు. ఆయన పాఠాలు చెప్పింది ఎప్పుడూ లేదు, అయినా అందరికీ మాస్టారే. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పత్తి ఏకి పరుపులు కుట్టేవాడట. ఈయన చదువుకుని, చాలా ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసి, ఇంగ్లీషు మీద మోజుతో ఈ అనువాదాల్లోకి వచ్చారు. ఇంట్లోనూ తెలుగే మాట్లాడేవారు, మనలాగే. షుగరుందని టీలో పంచదార మానేసి, ఆ టీకి తోడుగా ఇంత బెల్లం ముక్క నోట్లో పెట్టుకునేవారు. అదేంటంటే, "డాక్టరు పంచదార మానమన్నాడు. బెల్లం మాట ఆయన ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు" అనేవారు.

ఏ కాగితం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పేవారు. ముందు వైపు చూడటానికి తొందరేం లేదన్నట్టు వెనక్కి తిప్పి, కళ్ళజోడు మార్చి, స్టీలు స్కేలు పెట్టి చూసేవారు. నా పుట్టిన సర్టిఫికెట్ వెనక పెన్సిలుతో గీసిన ఒక అంకె, సగం చెరిగిన వేలి మరక ఉన్నాయి. అవి కూడా రాసుకున్నారు.

"మరక కూడా ఎందుకు మాస్టారూ?" అన్నాను.

"అక్కడ కూర్చున్న దొరసాని ఇదేంటని అడిగితే నువ్వు చెప్తావా, నేను విమానం ఎక్కి పోయి చెప్పనా?"

"మరక గురించి ఎవరడుగుతారండీ?"

"అడక్కపోతే మంచిదేగా అమ్మాయ్. రాసినందువల్ల నష్టం లేదు."

తర్వాత నా పాస్‌పోర్టు పక్కన పెట్టి, రెండు తేదీల మీదా వేలు ఆడించారు. పాస్‌పోర్టులో తేదీ బడి సర్టిఫికెట్ నుంచి వచ్చింది. పంచాయతీ కాగితంలో తేదీ దానికంటే పద్నాలుగు నెలలు ముందుది. నేనందుకు సిద్ధపడే వచ్చాను.

"బళ్ళో వేసేటప్పుడు వయసు తగ్గించారు మాస్టారూ. మా వీధిలో అందరికీ అంతే. రెండు తేదీలూ నావేనని, ఆ పేరులేని పిల్లా నేనూ ఒకరేనని ఒక అఫిడవిట్ రాసేయండి, సంతకం పెట్టేస్తా. కింద నోటరీ ఉన్నారుగా."

ఆయన బెల్లం ముక్క దవడకు పెట్టుకున్నారు. "బళ్ళో వేసిన తేదీలు వేలల్లో చూశానమ్మాయ్. జూన్ ఒకటి. కాకపోతే జులై ఒకటి. బద్ధకం ఎక్కువైన హెడ్మాస్టరయితే క్లాసు మొత్తానికీ ఒకటే తేదీ. నీదేమో ఫిబ్రవరి నెల నడిమధ్యన పడింది. ఇంత శ్రద్ధగా అబద్ధం రాసిన పంతులు ఎవరమ్మా మీ పొదిల్లో?"

నాకు ఒళ్ళు మండింది. "ఏదో ఒకటి వేశారు లెండి. ఇప్పుడు ఆ పంతులుగార్ని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

"ఆయన్నొద్దు. నువ్వు పుట్టినప్పుడు దగ్గరున్న మనిషిని తీసుకురా. అమ్మ ఉందా?"

"ఉంది. ఏమీ చదువుకోలేదు."

"చదవటానికి నేనున్నా. వినేవాళ్ళను తీసుకురా."

అదీ ఆయన తిక్క. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర పట్టుకున్న అలవాటు. పొలం అమ్మేవాళ్ళు వేలిముద్ర వేసేముందు దస్తావేజు మొత్తం బిగ్గరగా చదివి వినిపించాలి, వాళ్ళు ఊఁ కొట్టాలి. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి వర్షం వస్తోందని చదవకుండా వేలిముద్ర వేయించా. సర్వే నంబరు పక్క పొలానిది పడింది. ఆ అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోరు" అన్నారు. అప్పట్నుంచి పెళ్ళి కాగితమైనా, చావు కాగితమైనా, అది జరిగినప్పుడు దగ్గరున్నవాళ్ళు విని అవునంటేనే ఆయన ఇంగ్లీషు మొదలుపెట్టేది.

నేను గయ్యిమన్నాను. పొదిలి నుంచి గుంటూరు ఎంత దూరమో చెప్పాను. మా అమ్మ కందికోతలకు పోతోందని చెప్పాను. మా ఆయన సంగతీ చెప్పాను. ఈ పని అరగంటలో చేసిపెట్టే షాపులు కింద నాలుగున్నాయని కూడా అనేశాను. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. నా కాగితాలు అంచులు సరిచేసి కవర్లో పెట్టి, "వెళ్ళమ్మాయ్, వాళ్ళూ బతకాలిగా" అని చేతికిచ్చారు.

దిగి పోయాను కూడా. ఎదురు షాపువాడు "ఎంతసేపండీ, కూర్చోండి" అన్నాడు. కూర్చోబోయే ముందు మా ఆయనకు ఫోను చేసి ముసలాయన గురించి కడుపు నిండా చెప్పుకున్నాను. మా ఆయన అంతా విని, "ఒకసారి తొందరపడి పంపించాం, తిప్పికొట్టారు. ఈసారి ఆయన చెప్పినట్టు చెయ్. అత్తను తీసుకెళ్ళు" అన్నాడు. సణుక్కుంటూనే పొదిలి బస్సెక్కాను.

రెండు రోజుల తర్వాత అమ్మను తీసుకుని వెళ్ళాను. అమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. కోర్టు పక్కన అనేసరికి భయపడి, దారంతా "ఏం అడుగుతారే? నేనేం చెప్పాలే?" అని నా ప్రాణం తీసింది. మెట్లెక్కుతూ ఏడు తుమ్ములు తుమ్మింది. మాస్టారు లేచి నిలబడి తన కుర్చీ ఆమెకిచ్చి, తను స్టూలు మీద కూర్చున్నారు. నాకు మాత్రం గోడ చూపించారు.

ముందు పెళ్ళి కాగితం తీశారు. స్టీలు స్కేలు ఒక్కో వరస కిందికి జరుపుతూ గొంతెత్తి చదివారు, చర్చిలో వాక్యం చదివినట్టు. పెళ్ళికొడుకు పేరు, "అవునండి." పెళ్ళికూతురు పేరు, "అవునండి." వివాహం జరిగిన సమయం ఉదయం పది గంటలు.

"పదా?" అంది అమ్మ, భయం ఎగిరిపోయి. "పదేంది సాయిబుగారూ! పాస్టరుగారు వచ్చేతలికే పన్నెండు దాటిపోయింది. చిన్నపిల్లోళ్ళంతా ఆకలికి ఒకటే ఏడుపు."

"కాగితంలో పది ఉందమ్మా. నేను పదే రాస్తా."

"అట్టా ఎట్టా? జరగందాన్ని రాస్తారా?"

"కాగితంలో లేని ముక్క నేను ఒక్కటీ రాయనమ్మా. ఉన్నది ఒక్కటీ వదలను. నా పని అంతే" అన్నారు. అమ్మ నా వంక చూసి పెదవి విరిచింది. ఆమె దగ్గర కూడా ఆయనకు మంచి పేరు రాలేదని నాకు లోపల సంతోషం.

తర్వాత పుట్టిన సర్టిఫికెట్ తీశారు. పుట్టిన చోటు, అమ్మమ్మగారి ఊరు. తండ్రి పేరు. తల్లి పేరు. లింగం, ఆడ. పేరు, ఖాళీ. పుట్టిన తేదీ. ఒక్కో వరసా చదివి ఆగుతున్నారు. అమ్మ నుంచి అవునని రావటం లేదు. ఆయన రెట్టించలేదు. స్కేలు అక్కడే పెట్టి ఊరుకున్నారు. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ కాగితాన్నే చూస్తోంది.

"చెప్పవే అమ్మా, అవునని చెప్పు" అన్నాను నేను.

"సాయిబుగారూ, ఇది ఈ పిల్లది కాదు" అంది అమ్మ.

"నీకేమన్నా మతి పోయిందా? నేను అమ్మమ్మ ఊళ్ళోనేగా పుట్టింది!"

"నువ్వు కాదే. నీకన్నా ముందు ఒకతి పుట్టింది. అది."

ఇరవయ్యేళ్ళు దాటిన దాన్ని, పెళ్ళయిన దాన్ని, నాకు ఒక అక్క ఉందని కోర్టు వెనక సందులో, పరాయి మనిషి ముందు తెలిసింది. మాస్టారు ముందు అమ్మకు మంచినీళ్ళిచ్చారు.

"తొలికాన్పని మా అమ్మ దగ్గరికి పోయా" అని అమ్మే మొదలుపెట్టింది. "నలభై రోజులుంది. జొరమొచ్చింది, బండి కట్టేలోపల అయిపోయింది. దీనికెప్పుడూ చెప్పలా. చెప్పి ఏం చేసేది? దీని కాన్పుకి మళ్ళీ ఆ ఇంటికి పోవటానికి నాకు మనసొప్పలా. ఆ ఏడు మిరపకోతలకని మేమిద్దరం ఇటు వచ్చాం. కోతల్లోనే నొప్పులొచ్చినయ్."

మాస్టారు అప్పుడు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. పాత దస్తావేజు లేఖరిలాగా ఒక్కొక్కటే అడిగారు. ఏ ఊరికి కోతలకు వచ్చారు? నరసరావుపేట పక్కన. ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? సర్కారు ఆసుపత్రిలో. రాసుకున్నారా ఎవరన్నా?

"నర్సమ్మ పెద్ద పుస్తకంలో రాసుకుంది. ఒక చీటీ కూడా ఇచ్చింది. వాళ్ళ నాన్న ఆ చీటీ జాగర్తగా దాచి, బళ్ళో వేసేప్పుడు పంతులుకి చూపించాడు. చీటీలో ఉన్నదే రాయమని పట్టుబట్టాడు. ఒకటో తారీకు రాస్తే ఊరుకోలా."

అప్పటికి మా నాన్న పోయి ఆరేళ్ళు. సంతకం కూడా రాని మనిషి. అందరిలాగే ఆయనా నా వయసు తగ్గించి చెప్పాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. దాని మీద నా స్నేహితులతో నవ్వాను కూడా. మా వీధి మొత్తంలో నిజం తేదీ రాయించింది ఆయనొక్కడే. గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చేశాను. మాస్టారు టీ తెప్పించారు. బెల్లం ముక్క నాక్కూడా ఇచ్చారు.

నేనే గనక ఎదురు షాపులో కూర్చుని ఉంటే, చచ్చిపోయిన మా అక్కా నేనూ ఒకరేనని ప్రమాణం చేసి సంతకం పెట్టి ఉండేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది. తప్పుడు ప్రమాణం చేసినదాన్ని ఎవరు రానిస్తారు ఏ దేశానికి?

ఆ నరసరావుపేట పక్క ఊరికి నాలుగుసార్లు తిరిగాను. పాత రిజిస్టర్లో మా అమ్మ చెప్పినట్టే ఉంది. కూలిపని, వలస వచ్చినవారు అని కూడా పక్కన రాసి ఉంది. తేదీ అచ్చంగా నా పాస్‌పోర్టులోదే. పేరు గడి అక్కడా ఖాళీ. బడి సర్టిఫికెట్ చూపించి దరఖాస్తు పెడితే, మూడు వారాలకు నా పేరు చేర్చి, పాత రిజిస్టరు కాబట్టి తెలుగులోనే చేత్తో రాసిన నకలు ఇచ్చారు. ఏ అఫిడవిట్టూ అక్కర్లేకుండా పోయింది.

ఇక చెప్పాల్సిందేముంది. మూడు నెలలకు వీసా వచ్చింది. ఇక్కడికి వచ్చాక నివాస కార్డు కోసం ఇంకో కౌంటరు ముందు కూర్చున్నాను. అక్కడి ఆవిడ నా కాగితాలు తిరగేసింది, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఫొటో తీయించుకోమంది, అంతే. బయటికొచ్చి, ఆ చలిలో నిలబడి, మా ఆయన భుజం మీద తల పెట్టి, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా నవ్వాను. ఆ వెంటనే మాస్టారికి ఫోను చేశాను. "మంచిదమ్మాయ్. అక్కడ బెల్లం దొరుకుతుందా?" అన్నారు. దొరుకుతుందన్నాను. "అయితే భయం లేదు" అన్నారు.

కానీ ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళముందు కనబడేది కార్డు వచ్చిన రోజు కాదు. ఆ కొత్త నకలు పట్టుకుని, అమ్మతో కలిసి నేను మూడోసారి వెళ్ళిన రోజు.

ఆ రోజు అమ్మ బెదరలేదు. ఒక్కో వరస చదువుతుంటే, బడిపిల్లలా గట్టిగా అవునంది. ఆయన ఇంగ్లీషులో చేత్తో రాశారు, కింద షాపులో టైపు చేయించారు, మళ్ళీ అక్షరం అక్షరం చూసుకున్నారు. పిన్నులు కొడితే అక్షరాలు చెడతాయని, వాళ్ళ నాన్న పరుపులు కుట్టిన సూదితోనే తెల్లదారం వేసి కాగితాలు కలిపి కుట్టారు. నోటరీ ముద్ర పడింది. పని అయిపోయింది. నేను కవరు సంచిలో పెట్టుకుని లేచాను. అమ్మ లేవలేదు.

"సాయిబుగారూ, ఆ మొదటి కాగితం ఇంకోసారి చదువుతారా? ఆ రోజు నేను సరిగా వినలా" అంది.

నేను సంచిలోంచి ఆ పంచాయతీ కాగితం తీసిచ్చాను. ఆయన కళ్ళజోడు మార్చుకుని, స్కేలు పెట్టి, ఏదో డబ్బిచ్చిన పనిలాగే మొదటి వరస నుంచి చదివారు. పుట్టిన చోటు. "అవునండి" అంది అమ్మ. తండ్రి పేరు. "అవునండి." తల్లి పేరు. "నేనేనండి." లింగం, ఆడ. "అవునండి." పేరు గడి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగారు. స్కేలు అక్కడే ఉంచి తలెత్తారు.

"ఏమని పిలుచుకున్నావమ్మా?"

అమ్మ నా వైపు చూడలేదు. "దీవెన" అంది.

ఆయన ఆ కాగితం మీద కలం పెట్టలేదు. సర్కారు కాగితం అది, పెట్టకూడదు. స్కేలు మాత్రం మళ్ళీ పైకి జరిపారు. గొంతు సవరించుకుని మొదటి నుంచి ఇంకోసారి చదివారు. పుట్టిన చోటు, తండ్రి, తల్లి, ఆడ. ఆ ఖాళీ గడి దగ్గర ఈసారి ఆగలేదు. పక్కన ఉన్న వరసలు ఎంత గట్టిగా చదివారో అంతే గట్టిగా, "పేరు, దీవెన" అని చదివారు.

"అవునండి. మా పెద్దపిల్ల" అంది అమ్మ.